కారు తాళాలు అప్పగించిన వారం

2023 వసంతం. నార్త్ కరోలినాలో క్యారీ దగ్గర ఒక ట్రాన్సిట్ ఆఫీసులో నేను ప్లానర్‌ని. ఏ బస్సు ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఎంతసేపటికి ఒకటి రావాలి అని తేల్చే ఉద్యోగం. అప్పటికి పదకొండేళ్ళ సర్వీసు. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మా బస్సు ఎక్కలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అందరం కార్లలో వచ్చి, నీడ చూసుకుని పార్క్ చేసి, బస్సుల గురించి మీటింగులు పెట్టుకునేవాళ్ళం.

అప్పుడు నా చేతిలో ఉన్న ఫైలు, ఊరవతల మందుల ఫ్యాక్టరీ వైపు వెళ్ళే ఒక రూటుది. ఎక్కేవాళ్ళు పెద్దగా లేరు. రద్దు చేయమని బోర్డుకి సిఫార్సు రాసింది నేనే. సెప్టెంబరులో ఓటింగ్.

యూరప్‌లో వేర్వేరు దేశాల యూనివర్సిటీలు కొన్ని కలిసి అలయన్స్‌గా ఏర్పడుతుంటాయి. చదువులు ఉమ్మడిగా నడపడమే కాకుండా, చుట్టుపక్కల ఊళ్ళ బాగోగుల్లోనూ, రవాణా లాంటి పనుల్లోనూ చేయి వేస్తాయి. మా ప్రాంతపు యూనివర్సిటీ అలాంటి ఒక అలయన్స్‌తో జత కట్టింది. దాని తరఫున పోర్చుగల్ నుంచి మార్తా అనే ప్రొఫెసర్, ఇద్దరు విద్యార్థులతో ఆర్నెల్ల పనిమీద మా ఆఫీసుకి వచ్చారు. సముద్రం దాటి వచ్చి మాకు బస్సులు నేర్పుతారా అని నాకు లోపల మంటగానే ఉంది.

వాళ్ళకొక పద్ధతి ఉంది. ఏ రూటు మీద పనిచేస్తే, ఆ రూటు మీదే వారం రోజులు తిరగాలి. సోమవారం పొద్దున మార్తా ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా నా ముందుకు జరిపి, కారు తాళాలు అందులో వేయమన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"శుక్రవారం తిరిగి ఇచ్చేస్తాను" అన్నారు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

మర్నాడు బస్సులో సునీత గారు పరిచయమయ్యారు. వరంగల్ వైపు మనిషి. ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో అనలిస్టు, హెచ్-1బి మీద ఉన్నారు. ఏడాది క్రితం రెటినా జబ్బు బయటపడింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చేది కనిపించదు. డ్రైవింగ్ మానేశారు. నేను ట్రాన్సిట్ ఆఫీసులో పనిచేస్తానని చెప్పాను. ఫైలు నాదేనని మాత్రం చెప్పలేదు.

"ఈ బస్సు తీసేస్తరంట కదండీ" అన్నారు. "మీ ఆఫీస్‌ల ఎవరో మ్యాప్ చూసి రాసిండంట. బస్సు పోతే నా జాబ్ పోతది, జాబ్ పోతే వీసా. ల్యాబ్ పని వర్క్ ఫ్రమ్ హోమ్ చేయలేం కదా."

స్టాప్ వస్తోందని నేనే ముందు లేచాను.

ఫ్యాక్టరీకి ఎదురుగా దిగాం. మధ్యలో ఆరు వరుసల రోడ్డు. దాటడానికి గీతలు లేవు, సిగ్నల్ లేదు. అదే ల్యాబ్‌లో పనిచేసే డెనీస్ అనే ఆవిడ సునీత గారి చేయి పట్టుకుని, కార్లు కాస్త తెరిపి ఇవ్వగానే ఒక్క పరుగున దాటించింది. డెనీస్ రాని రోజు ఈవిడకూ సెలవేనట. నేను బుద్ధిమంతుడిలా దూరంగా ఉన్న సిగ్నల్ దాకా నడిచి, అవతలి వైపు నుంచి గేటుకి వచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. కాలిబాట కూడా లేదు. గడ్డిలో నడిచి బూట్లు తడిశాయి.

మా వృత్తిలో బఫర్ అని ఒకటుంది. మ్యాప్ మీద బస్‌స్టాప్ చుట్టూ పావు మైలు వృత్తం గీస్తాం. అందులో పడ్డ ప్రతి గేటుకీ బస్సు అందినట్టే లెక్క. ఆ ఫ్యాక్టరీ గేటు నా వృత్తంలో భేషుగ్గా ఉంది. గుమ్మం ముందుకి బస్సు వచ్చినా ఎక్కడం లేదంటే వీళ్ళకి అక్కర్లేదన్నమాట అని రాసేశాను. మధ్యలో రోడ్డుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం మార్తాకి అంతా చెప్పాను. చీవాట్లు పడతాయనుకున్నాను. "మా ఊళ్ళో నేనూ ఇలాగే గీశాను. రైలు పట్టాలు మర్చిపోయాను" అన్నారు. ఆ మాటతో నా మంట చల్లారింది.

తర్వాత పని చకచకా సాగింది. విద్యార్థులు ఆ చుట్టూ కాళ్ళతో తిరిగి, నిజంగా నడవగలిగిన దారులతో వాక్‌షెడ్ అనే మ్యాప్ గీశారు. బస్సును గేటు లోపలికే తీసుకెళ్తే సరిపోతుంది కదా అన్నది డ్రైవరు. దానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, బస్సుకీ బస్సుకీ మధ్య వ్యవధి చెడుతుంది. ఆ నిమిషాల కోసం, ఎవరూ ఎక్కని ఒక మాల్ పార్కింగ్ చుట్టూ తిరిగే ప్రదక్షిణ కోసేశాం. ఇక మిగిలింది గేటు. ఫ్యాక్టరీ సెక్యూరిటీ వాళ్ళు ససేమిరా అన్నారు. సునీత గారూ డెనీసూ ల్యాబ్‌లో బల్ల బల్లకీ తిరిగి, బస్సు లోపలికి వస్తే ఎక్కుతామన్న వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించారు. జూన్‌లో గేటు తెరుచుకుంది.

వేసవంతా ప్రయోగంగా నడిపాం. నేనూ వారానికి రెండు రోజులు ఆ బస్సే ఎక్కాను. ఆగస్టుకి సీటు దొరకడం కష్టమైంది. నా పాత సిఫార్సు వెనక్కి తీసుకుంటానంటే మా బాస్ తల పట్టుకున్నారు. నువ్వే తీసేయమని రాసి, నువ్వే ఉంచమంటే బోర్డు నవ్వుతుందన్నారు. నవ్వనివ్వండి అన్నాను.

ఓటింగ్ రోజు మైకు ముందు నిలబడి, రద్దు చేయమని రాసింది నేనే, తప్పు రాశాను అని చెప్పాను. సునీత గారు రెండో వరుసలో ఉన్నారు. ఆవిడకి అప్పుడే తెలిసింది. తర్వాత ఆవిడ లేచి, తన ఉద్యోగం, ఆ రోడ్డు, డెనీస్ చేయి గురించి రెండు నిమిషాలు మాట్లాడారు. రూటు ఉంచాలనే వాళ్ళు చేతులెత్తమంటే, బోర్డులో ఒక్క చేయి కూడా కింద ఉండలేదు. పదకొండేళ్ళలో నేను గెలిచినట్టు అనిపించిన మొదటి మీటింగ్ అదే. మార్తా నా భుజం మీద గట్టిగా చరిచారు.

బయటికి వచ్చాక సునీత గారు నన్ను ఆపారు.

"ఆ రాసినాయన మీరేనా? ఆర్నెల్ల నుంచి మీ పక్కనే కూసొని మిమ్మల్నే తిట్టుకున్న."

"మీ తిట్లు బాగా పనిచేశాయండీ" అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్లానర్‌కి మొదటి రోజు కంప్యూటర్ ఇవ్వం. ఆ బిస్కెట్ల డబ్బా ముందు పెడతాం. నడిచి చూడని దారి గురించి సిఫార్సు రాయకూడదని నేను నేర్చుకున్నది ఆ డబ్బా దగ్గరే. మొన్న మళ్ళీ ఆ బస్సు ఎక్కాను. సునీత గారు గేటు లోపల దిగి, ఎవరి చేయీ పట్టుకోకుండా ల్యాబ్ వైపు నడుచుకుంటూ వెళ్ళారు. బస్సు తలుపు మూసుకునేదాకా నేను నిలబడే చూశాను. కూర్చుందామంటే సీటు లేదు.