ఒకే గుడ్డతో తుడిచిన పన్నెండు కళ్ళజోళ్ళు

బుధవారం పొద్దున ఒకటో తరగతి గుమ్మంలో ముగ్గురు పిల్లలు ఎర్రటి కళ్ళతో నిలబడేసరికి ఆయమ్మ చేతిలోని చీపురు జారి కింద పడింది. గంట కొట్టేలోపు అలాంటి వాళ్ళు ఏడుగురయ్యారు. రెప్పలు అంటుకుపోయి, పుసులు కట్టి, దారి కనబడక ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

ఆయమ్మ పాతికేళ్ళుగా ఆ బడిలో ముక్కులు తుడిచి, బొత్తాలు పెట్టి, గదులు కడిగిన మనిషి. శుభ్రంలో ఆమెకు వంక పెట్టినవారు లేరు. దుబారా అంటే మాత్రం ఒంటికి పడదు. అరిగిన సబ్బు ముక్కలన్నీ ముద్ద చేసి మళ్ళీ వాడిస్తుంది.

సోమవారం బడికి పన్నెండు వీఆర్ కళ్ళజోళ్ళు వచ్చాయి. డబ్బాలా ముఖానికి తగిలించుకుంటే సముద్రం అడుగు కనిపిస్తుంది, తిమింగలం చెవి పక్కనుంచే ఈదిపోతుంది. పిల్లలు ముప్పై ఆరుగురు కాబట్టి మూడు వంతులు వేశారు. ఒక వంతు దించి మరో వంతుకు తగిలించే ముందు తుడవమని చిన్న టీచరు మందులో తడిపిన కాగితాల పొట్లం చేతికిచ్చింది. "ఒక్కోదానికి ఒక్క కాగితం, ఆయమ్మా" అని చెప్పింది కూడా.

"మొహానికో కాగితమా, చోద్యం!" అనుకుని ఆయమ్మ పొట్లాన్ని బీరువాలో పెట్టేసింది. మెత్తటి గుడ్డ ఒకటి తడిపి పన్నెండూ మెరిసేలా తుడిచింది. మూడు వంతులకూ అదే గుడ్డ. మొదటి వంతులో చిట్టెలుక అని పిలిచే బుజ్జిది కళ్ళు నులుముకుంటూ కూర్చున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

గేటు దగ్గర అప్పటికే తల్లులు మూగారు.

"ఆ డబ్బాల వెలుగుకే కళ్ళు మాడిపోయాయి!"

"మా వాడి చూపు పోతే వీళ్ళు తెచ్చిస్తారా?"

ఆయమ్మ ఆ మాటలు వింటూనే వెనక్కి నడిచి బీరువా తెరిచింది. ఈ కాగితాలన్నీ చెత్తబుట్టలో పడేస్తే వాడినట్టే ఉంటుంది. తనను అడిగేదెవరు? పొట్లం చించింది కూడా. మొదటి కాగితం కొస పట్టి లాగబోయింది.

అప్పుడు కిటికీలోంచి చిట్టెలుక తల్లి గొంతు వినబడింది. "నిన్న రాత్రంతా మంటో అని ఏడ్చిందండీ. తోడుంటుందని చంటిదాన్ని దీని పక్కనే, దీని తలగడ మీదే పడుకోబెట్టాను."

ఆయమ్మ పొట్లం అలాగే పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"అమ్మాయ్, చంటిదాన్ని దూరంగా ఉంచు" అంది. "వెలుగూ కాదు, పాడూ కాదు. ఇది కళ్ళకలక. నేనే ఒకరిది ఒకరికి అంటించాను. అన్నిటినీ ఒకే గుడ్డతో తుడిచాను. తలగడలూ తువాళ్ళూ వేరు చెయ్యండమ్మా, ఇంట్లో వాళ్ళకు అంటకముందే."

"మరి నేనిచ్చిన కాగితాలు?" అంది వెనకే వచ్చిన చిన్న టీచరు.

"దాచాను."

"దేనికి, నీ పెళ్ళికా?" అంది ఒకావిడ. ఎవరూ నవ్వలేదు. చిట్టెలుక తల్లి పిల్లదాని చెయ్యి ఆయమ్మ చేతిలో పెట్టి, చంటిదాని కోసం ఇంటికి పరుగెత్తింది.

పెద్ద టీచరు ఏడుగురినీ, ఆయమ్మనూ వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి బయలుదేరింది. అందరిలోకీ చిట్టెలుక కన్నే ఎక్కువ వాచింది. డాక్టరు రెప్ప ఎత్తి టార్చి వేసి చూస్తుంటే ఆయమ్మ ఆయన భుజం మీదికి వంగింది.

"కాస్త జరుగు ఆయమ్మా, నీ ఊపిరి నా చెవిలోకి వస్తోంది" అంటూ ఆయన పిల్లదాని ఒక కన్ను మూసి వేళ్ళు చూపించాడు. "ఎన్ని?"

చిట్టెలుక పలకలేదు.

"ఎన్నమ్మా?"

చిట్టెలుక మొహం ముందుకు చాచి వేళ్ళకేసి చూసింది. ఆయమ్మ గోడ పట్టుకుంది.

"రెండు. ఒకదానికి గోరు తీసుకోలేదు మీరు" అంది చిట్టెలుక.

డాక్టరు తన వేలు చూసుకున్నాడు. "చూపుకేం ఢోకా లేదు. చుక్కలు వేస్తే వారంలో తగ్గుతుంది."

"రేపు ఆఫీసులోకి రా, నీ సంగతి తేలాలి" అంది పెద్ద టీచరు. ఆయమ్మ తల ఊపింది గానీ ఆ మాట ఆమె చెవికెక్కలేదు. చుక్కలు రోజుకెన్నిసార్లు వెయ్యాలో డాక్టర్ని మూడోసారి అడుగుతోంది.