అరగంట సిస్టరు

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెని అరగంట సిస్టరు అంటారు. ఎందుకంటే ఆమె దగ్గర ఏదైనా అరగంట ఆగాల్సిందే. ప్రోస్టేట్ క్యాన్సరు ఉన్నవాళ్లకి మూడు నెలలకోసారి వేసే హార్మోను ఇంజెక్షను ఆమె చేతి మీదుగానే నడుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మందుకి చలి వదలాలి, దానికో అరగంట. అక్కడితో ఆగితే బావుండేది. ఇంట్లో నీళ్ల సీసాని కూడా అరగంట బయట కూర్చోబెడుతుందట. మొగుడు అలిగినా అంతేనట.

అలాంటి మనిషికి రోగిగా ఓ రిటైరైన బస్సు డ్రైవరు దొరికాడు. ముప్పై రెండేళ్లు నిమిషం ఆలస్యం చేయని మనిషి. పరిగెత్తుకొస్తున్న సొంత బావమరిదినే అద్దంలో చూస్తూ స్టాపులో వదిలేశాడు.

"మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి బాబాయ్."

"కాయితం మీద ఉన్నాయిగా తల్లీ."

"సూది వేసేది కాయితానికి కాదుగా."

చెప్పాడు. ఆమె టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారాన్ని ముప్పై నిమిషాలకి తిప్పి, ఫ్రిజ్‌లోంచి తీసిన మందు డబ్బా పక్కనే పెట్టింది.

రెండోసారి వచ్చినప్పుడు డ్రైవరు తెలివి ఉపయోగించాడు. ఆమె అటు తిరగ్గానే డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం బాబాయ్, పొదుగుతున్నారా?"

"వేడి తగిలితే తొందరగా అవుతుందని..."

"అది గుడ్డు కాదు. దానంతట అదే రావాలి. ఇలా ఇవ్వండి."

డబ్బా లాక్కుని ప్రశ్నలు మొదలెట్టింది. నిద్ర పడుతోందా? బ్రహ్మాండంగా. చెమటలు? అస్సల్లేవు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆమె దాన్ని చూసింది.

టమాటా మోగాక రెండు సిరంజిల మూతులు కలిపి, మందు బాగా కలిసేలా అటూ ఇటూ నెడుతూ అరవై లెక్కపెట్టడం మొదలెట్టింది. ముప్పై ఏడు దగ్గర పెద్ద డాక్టరు వచ్చి "బావున్నావా అమ్మా" అన్నాడు. "ముప్పై ఎనిమిది" అంది.

మూడోసారి డ్రైవరు ఓ నిర్ణయంతో వచ్చాడు. ఇక సూది వద్దు. ఆ మాట భార్యకి కూడా చెప్పలేదు. నలభై నిమిషాలు ముందే వచ్చి వరండాలో కూర్చున్నాడు. సగం తెరిచిన తలుపులోంచి బల్ల మీద మందు డబ్బా కనిపిస్తోంది. కాసేపటికి టమాటా మోగింది. సిస్టరు దాని నోరు నొక్కి, తీరిగ్గా అతన్ని పిలిచి, మళ్లీ ముప్పైకి తిప్పింది.

"ఇందాకే మోగింది కదమ్మా. నేను చూశాను."

దొరికిపోయిన మొహం కూడా పెట్టలేదు ఆమె.

"అది మందుకి. ఇది మీకు."

"నాకెందుకు?"

"మందుకి చలి వదిలింది. మీకే ఇంకా వదల్లేదు. కూర్చోండి."

పదకొండో నిమిషంలో డ్రైవరు నోరు తెరుచుకుంది. రోజూ రాత్రి చెమటకి మూడు చొక్కాలు తడిసిపోతున్నాయి. భార్యకి తెలియకూడదని హాల్లో పడుకుంటున్నాడు. తన మీద కోపమొచ్చిందని ఆవిడ అనుకుంటోంది.

"మొన్న సబ్బు ప్రకటన చూసి ఏడ్చానమ్మా."

"ఏ సబ్బు?"

అతనికి నవ్వొచ్చేసింది. "ఇక ఈ మందు నాకొద్దు" అన్నాడు, నవ్వుతూనే.

"పరిగెత్తే బండికి బ్రేకు వేస్తే లోపలివాళ్లు తూలరా బాబాయ్? ఇదీ అంతే. మగ హార్మోనే ఆ జబ్బుకి మేత. మనం దాన్ని ఆపుతున్నాం, ఒళ్లు తూలుతోంది. తూలుడికి ఏం చేయాలో డాక్టరు గారు చూస్తారు, ఇప్పుడే వెళ్లి చెప్తా. మీ అంతట మీరు బ్రేకు మీంచి కాలు తీయకండి. పిన్నికి కూడా చెప్పండి, పాపం."

బ్రేకు సంగతి ఎత్తితే డ్రైవరు ఎదురు చెప్పగలడా? ఆమె డాక్టరుతో మాట్లాడి వచ్చేసరికి టమాటా మోగింది.

"కిందటిసారి పొట్టకి కుడివైపు వేశాను. ఈసారి ఎడమ."

అతనే చొక్కా పైకెత్తాడు. ఇంటికెళ్లి హాల్లో పరుపు చుట్టేశాడు.

మరో మూడు నెలలకి వరండాలో ఓ కొత్తాయన వాచీ చూసుకుంటూ చిందులు తొక్కుతున్నాడు. "డబ్బా బయటే పెట్టి ఉంది, ఇంకా ఎంతసేపండీ?"

తలుపు సందులోంచి డ్రైవరుకి అంతా కనిపిస్తోంది. డబ్బా బల్ల మీదే ఉంది. టమాటా అప్పుడే ఒకసారి మోగింది కూడా.

"మందు చల్లగా ఉందట బాబూ" అన్నాడు గంభీరంగా. "అరగంట పడుతుంది."