తీగలతో కట్టిన దవడ

నేను అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్లే బస్సులో కండక్టర్‌ని. నాలుగేళ్ల క్రితం నా కింది దవడ కుడివైపు వాచింది. పంటి నొప్పి అనుకుని మాత్రలు మింగుతూ నెలలు గడిపాను. చివరికి విశాఖపట్నంలో ఎక్స్‌రే తీసి, ఎముక లోపల నీటితిత్తి ఉందన్నారు. దాన్ని కోసి తీసేసి, మళ్లీ పెరగకుండా ఆ గుంతలో ఒక మందు పూశారు. మందు ఘాటైనదనీ, పక్కనే నరం ఉందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. సంతకం పెట్టే కంగారులో ఆ మాట నా చెవికెక్కలేదు.

మత్తు ఒళ్లంతా దిగింది గానీ, కింది పెదవి కుడి సగంలో దిగలేదు. మూడో వారం కుట్లు విడిపోయి చీము పట్టింది. అది తగ్గుతోందనుకునేలోగా, మెత్తనివే తినమన్న మాట మరిచి ఒక వడియం కొరికాను. చెవిలో పుల్ల విరిగినట్టు చప్పుడైంది. పలచబడ్డ చోట దవడ విరిగింది.

పై పళ్లనూ కింది పళ్లనూ కలిపి తీగలతో కట్టేశారు. ఆరు వారాలు గంజి, పాలు, పప్పుకట్టు. వాంతి వస్తే తీగలు కత్తిరించడానికి మా ఆయన చేతికి చిన్న కట్టర్ ఇచ్చారు. ఇంట్లో మా అత్తగారు, నాకు చెవుడు వచ్చినట్టు, "ఆకలేత్తందేటే?" అని గట్టిగా అరిచేది. కాగితం మీద రాసి చూపిస్తే ఆవిడకి చదువు రాదు.

తీగలు కట్టిన రెండో వారం ఆసుపత్రికి వెళ్తుంటే లంకెలపాలెం దగ్గర లారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. ఎండ, డీజిల్ వాసన. కడుపులో తిప్పింది. మా ఆయన భుజం పట్టుకుని నోరు చూపించాను. ఆయన సంచీ తిరగేశాడు, జేబులు తడిమాడు.

"కట్టర్ నువ్వు ఎట్టలేదేటి?" అన్నాడు.

అది టీవీ పక్కనే ఉండిపోయిందని చెప్పడానికి నాకు నోరు లేదు. తలుపు దాకా మనుషులు కిక్కిరిసి ఉన్నారు. నా పళ్లే నన్ను చంపేస్తాయనిపించింది.

ముందు సీటులోని ముసలామె వెనక్కి తిరిగి నిమ్మకాయ ఇచ్చింది. "సప్పరించమ్మా."

"నోరు తెరుసుకోదమ్మా. తీగలతో కట్టేసేరు," అన్నాడు మా ఆయన.

ఆమె లేచి, నా మెడ మీద చెయ్యి వేసి తల మోకాళ్ల దాకా వంచింది. "బయపడకు. నువ్వు తాగింది నీళ్లేకదా, సందుల్లోంచి వచ్చేత్తాది. కిందికే సూడు."

అలాగే వచ్చింది, పళ్ల సందుల్లోంచి, ముక్కులోంచి, మంటగా. ఆమె తన కొంగుతోనే తుడిచింది. మా ఆయన ఇంకా సంచీలో వెతుకుతూనే ఉన్నాడు.

తీగలు తీసిన రోజు నోరు ఒక్క వేలు పట్టేంతే తెరుచుకుంది. పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి రోజూ సాగదీశాను. నాలుగు నెలలకి డ్యూటీలో చేరాను. కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. నా బస్సే కావాలన్నాను.

ఆ సగం పెదవికి ఇప్పటికీ స్పర్శ లేదు. మెతుకు అంటుకుంటే ఎవరో ఒకరు చెప్పాలి. తుడుచుకుని టికెట్ కొడతాను. తిత్తి మళ్లీ రావచ్చట, అందుకని ఏడాదికోసారి ఎక్స్‌రే. ఆ మెషిన్‌లో గడ్డం ఆనించి, తల బిగించి, కదలొద్దంటారు. ఆ కాసేపూ నాకు ఊపిరాడదు.