నేను రాసిచ్చిన చీటీ

మా పుట్టింటి ఊరి చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రాం ఐదింటికని కార్డులో వేశారు. ఐదింటికి వెళితే వ్యానులోంచి కుర్చీలు దించేవాళ్లు తప్ప ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా నాలుగు దాటగానే మావారు అమలాపురంలో కారు తీశారు. తొందరంతా మా అమ్మాయిది. దానికి తొమ్మిదేళ్లు. ఆ రోజు వెయ్యబోయే నాటికలో మూడో గొర్రెల కాపరి.

మూడో కాపరికి ఒకటే డైలాగు. మిగతా కాపరులు బేత్లెహేముకు పోదాం పదండని లేచినప్పుడు, "మరి గొర్రెల్ని ఎవరు చూస్తారు?" అని అడగాలి. నాటిక రాసింది సండే స్కూలు టీచరమ్మ. అందులో కాస్త ముందూ వెనకా ఆలోచించే మనిషి ఈ మూడో కాపరేనని నా అభిప్రాయం. మూడు వారాలుగా మా ఇంట్లో గొర్రెల గొడవే. పళ్లు తోముకుంటూ అడిగేది, స్కూలు వ్యాను ఎక్కుతూ అడిగేది. ఒకసారి కోపంగా, ఒకసారి దిగులుగా అడిగి, ఏది బాగుందో చెప్పమని మా ప్రాణాలు తీసేది.

కారు ముందు సీట్లో నాన్నగారు. హెడ్మాస్టరుగా రిటైరై నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల ఎక్కడ మీటింగు జరిగినా ఆయనకొక శాలువా, ఒక మైకు ఉండేవి. రిటైరయ్యాక పిలుపులు ఆగిపోయాయి. ఆయన దాని గురించి పైకి ఏమీ అనరు. మాట్లాడే అవకాశం దొరికినవాళ్లను మాత్రం వదిలిపెట్టరు.

"మైకు దొరికితే మనవాళ్లకి ఒళ్లు తెలీదమ్మా. ఎదటివాళ్ల టైము తినెయ్యడం కూడా దొంగతనమే" అన్నారు ఆ రోజు దారిలో.

ఆ మాటలో ఉన్న బాధ నాకు తెలిసింది. జాలి వేసింది. అందుకే చర్చిలో పరదా వెనక మా అమ్మాయికి తలపాగా చుట్టడం అయ్యాక, దాని నోటు పుస్తకంలోంచే కాగితం చింపి, "నాన్నగారిని రెండు ముక్కలు మాట్లాడమనండి. నేను చెప్పినట్టు తెలియనివ్వకండి" అని రాశాను. అది నా మోచేతి పక్కనుంచి చదువుతూనే ఉంది. చీటీ సంఘపెద్ద గారికి ఇచ్చాను.

"ఆయ్, దానికేంటండీ. మేస్టారు గారు మాట్లాడతానంటే మాకంతకన్నా కావాలాండీ" అన్నారాయన.

మా వైపు ఒకరిని వేదిక మీదికి పిలిచి ఇంకొకరిని పిలవకపోతే, ఆ ఇంకొకరు వచ్చే క్రిస్మస్ దాకా గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి అందరినీ పిలిచారు. వచ్చినవాళ్లందరూ, పిల్లల నాటిక ఉంది కాబట్టి ఎక్కువసేపు మాట్లాడనని చెప్పే మాట్లాడారు. చివర్లో నాన్నగారి వంతు వచ్చింది. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు.

మా ముత్తాతలు పాలేర్లుగా పనిచేస్తూ అక్షరాలు దిద్దుకున్న రోజుల దగ్గర ఎత్తుకున్నారు. చాలా బాగా మాట్లాడారు, అదే వచ్చిన చిక్కు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆయన ఇంకో పదేళ్లు ముందుకు నడిచేవారు. నేను చేతిగడియారం చూపించాను. మెచ్చుకుంటున్నాననుకుని తల ఊపారు. పరదా పక్కనుంచి మా అమ్మాయి తలపాగా కనబడుతోంది. మొదట నిలబడి ఉంది, తరవాత కూర్చుంది. నాన్నగారు ఇంకా మా తాతగారు టీచరు ట్రైనింగు చదివిన కాలేజీ దగ్గరే ఉన్నారు.

పాస్టరు గారికి మూడు సంఘాలు. ఎనిమిదింటికి ఇంకో ఊళ్లో కేకు కోయాలి. నాన్నగారు మైకు ఇచ్చేసరికి ఎనిమిది కావస్తోంది.

"టైము లేదు కాబట్టి నాటిక బదులు పిల్లలందరూ వేషాలతో స్టేజీ మీదకొచ్చి మీకు వందనాలు చెప్పి వెళతారండి" అన్నారు పాస్టరు గారు.

పిల్లలు వరసగా నిలబడ్డారు. ఫోటో తీశారు. జనం బిర్యానీకి లేచారు. గొర్రెల సంగతి ఎవరూ అడగలేదు. మా అమ్మాయి ఏడుస్తుందని చేతిరుమాలు తీసి పట్టుకున్నాను. ఏడవలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరిగి వస్తుంటే నాన్నగారు శాలువా తియ్యలేదు. కార్లో ఉక్కపోస్తోందని మావారు అద్దాలు దించినా తియ్యలేదు.

"చూసేవా అమ్మా, ఊరు నన్ను మర్చిపోలేదు. నేనేమన్నా అడిగేనా? వాళ్లంతట వాళ్లే పిలిచేరు" అన్నారు. నేను ఊఁ అన్నాను. ఆయనకు అది చాలినట్టు లేదు. వెనక్కి తిరిగి మనవరాలిని అడిగారు.

"నువ్వక్కడే ఉన్నావు కదా తల్లీ. నన్ను పిలవమని ఎవరన్నారు?"

అది నా వైపు చూసింది. నేను చేతిరుమాలు మడతపెట్టసాగాను.

"అందరూ అన్నారు తాతయ్యా" అంది. "పెద్దవాళ్లందరూ మిమ్మల్నే మాట్లాడమన్నారు."

ఆయన తృప్తిగా ముందుకు తిరిగి కూర్చున్నారు. ఒక్క రిహార్సలైనా లేకుండా అది ఆ మాట అంత నమ్మకంగా చెప్పేసరికి, దాని కోసం తీసిన చేతిరుమాలు నాకే కావలసి వచ్చింది.