నా భార్య వీసాలో నా పేరు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సంఘంలో నన్ను చాలా ఏళ్లుగా ఎరిగినవారికి నేను ప్రార్థనలో కూడా నిటారుగా నిలబడే మనిషినని తెలుసు. మోకరించండి అని పాస్టరుగారు అన్నప్పుడల్లా మీరందరూ వంగేవారు, నేను మాత్రం చేతులు కట్టుకుని నిలబడి కళ్లు మూసుకునేవాణ్ణి, పాపం మోకాళ్ల నొప్పులేమో అని మీరు జాలిపడేవారు, నేనూ కాదనలేదు. నొప్పులేమీ లేవు. మా ఇంట్లో మగవాళ్లు వంగరు, అంతే. అలాంటివాణ్ణి దేవుడు పోయిన ఏడాది ఎంత చీకటిలోంచి నడిపించాడో, చివరికి ఎంత సంతోషంగా వంచాడో చెప్పుకోవడానికి ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను.

మాది గోదావరి జిల్లాలో ఒకప్పుడు పేరున్న కుటుంబం. రైసు మిల్లులు ఉండేవి, లాంచీలు ఉండేవి, క్రిస్మస్ నాడు ఊరంతటికీ మా ఇంటి విందే. నేను హైస్కూలు దాటేలోగా మిల్లులు పోయాయి, లాంచీలు పోయాయి, విందు మాత్రం ఆగలేదు, ఎందుకంటే నాన్నగారు అప్పు చేసి పెట్టారు, ఆయన తర్వాత నేను ఇక్కడ సింగపూరు నుంచి డబ్బు పంపి పెట్టాను. పందిరి, మేళం, మాంసం కూర, ఏదీ తగ్గనివ్వలేదు. మేము చితికిపోయామన్న సంగతి ఆ విందు తినేవాళ్లకు తెలియకూడదు. ఆ పట్టుదలలోనే నా సంపాదనంతా కరిగిపోయింది.

పోయిన జూన్‌లో, రాఫెల్స్ ప్లేస్‌లో నేను లెక్కలు చూసే ఆఫీసువాళ్లు పిలిచి, ఏడాది చివరితో నా ఉద్యోగం ముగుస్తుందని చెప్పారు. ఉద్యోగం లేకపోతే వర్క్ పాసు లేదు, పాసు లేకపోతే ఈ దేశంలో ఉండే వీలు లేదు. మా అమ్మాయి స్నేహ క్లెమెంటిలో ఉంటుంది, యూనివర్సిటీలో పరిశోధన చేస్తుంది, తన జీతం మీద తల్లిదండ్రులను ఇక్కడ ఉంచుకునే అనుమతి రాదని తేలింది. దాని కూతురు జాయ్‌కి ఆరేళ్లు. బడి అయ్యాక బిషాన్‌లో మా అద్దె ఫ్లాట్‌కే వచ్చేది, నా భార్య సుగుణ దగ్గర అన్నం తిని, నా దగ్గర ఎక్కాలు చదివేది. ఆ పిల్లను వదిలి వెళ్లాలన్న ఆలోచనకే నాకు అన్నం దిగేది కాదు, అయినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు సహోదరులారా, చెబితే ఓడిపోయినట్టు అనిపించేది.

ఇక్కడి రేవు నుంచి ఓడలో గంట దూరంలో పొరుగు దేశపు దీవి ఒకటి ఉంది. అక్కడ రిటైరైనవాళ్లకు వీసా ఇస్తారని, అద్దెలు తక్కువని, శనివారం వచ్చి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లవచ్చని తెలిసి నా ప్రాణం లేచి వచ్చింది. అయితే ఒక షరతు. వాళ్లు అడిగిన సొమ్ము దరఖాస్తు చేసేవారి సొంత పేరు మీద బ్యాంకులో కొన్ని నెలలుగా కదలకుండా ఉండాలి. నా బ్యాంకులో ఆ సొమ్ములో పావు వంతు కూడా లేదు.

ఎవరినీ చేయి చాచి అడగలేక అక్టోబరు దాకా ఊరుకున్నాను. అప్పుడు మన తెలుగు కుర్రాడే ఒక ఏజెంటు దొరికాడు. "అంకుల్, అస్సలు వర్రీ అవకండి. సొమ్ము మేమే మీ ఎకౌంట్లో వేసి, పాతదే అన్నట్టు పేపర్లు రెడీ చేస్తాం. వీసా వచ్చాక మా డబ్బు మాకు, పైన కొంచెం కమీషన్. అందరూ చేసేదే" అన్నాడు. ఇది నా సొంత సొమ్ము అని రాసి ఉన్న కాగితం ముందు పెట్టాడు. అప్పు అడగడానికి వంగని నేను ఆ అబద్ధం కోసం జేబులోంచి పెన్ను తీశాను. ఏదో ఆపింది. రేపు వస్తానని చెప్పి లేచాను.

ట్రైను కోసం నిలబడి అక్కడే ప్రార్థించాను: "ప్రభువా, మా తాతలు ఎలాంటివారో నీకు తెలుసు. వాళ్ల పరువు పోకుండా దారి చూపించు." ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, దేవుడికి మా తాతల సిఫారసు చెప్పుకున్నాను.

ఆ రాత్రి భోజనం దగ్గర సుగుణ నన్నే చూస్తూ అంది: "ఏమండీ, చేపల పులుసు తినడానికా, కెలకడానికా?"

ఇక దాచలేక మొత్తం చెప్పాను.

"జూన్‌లో తెలిస్తే ఇప్పుడా చెప్పడం? సరే, ఎంత కావాలంట?"

చెప్పాను.

"ఉంది కదండీ."

"ఎక్కడుంది?"

"నా ఎకౌంట్లో. పెళ్లయిన కొత్తలో మీరే అన్నారుగా, మా ఇంట్లో ఆడవాళ్ల సంపాదన ముట్టుకోరని. ఎవరూ ముట్టుకోలేదు మరి. అలాగే పడుంది."

సుగుణ మా జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రి నర్సుగా జీవితమంతా పనిచేసి, ఐదేళ్ల క్రితం రిటైరై నా దగ్గరికి వచ్చింది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము, నెలనెలా పెన్షను, అన్నీ కదలకుండా ఉన్నాయి. నా అహంకారం కట్టిన గోడ వెనకాలే దేవుడు మా అవసరాన్ని భద్రంగా దాచి ఉంచాడు. ఆయన పని చూశారా!

నేను మాత్రం ఇంకా మారలేదు. రేపే నా పేరు మీదకు మార్చేద్దాం అన్నాను. స్నేహకు ఫోన్ చేస్తే తను షరతులు చదివి చెప్పింది: "నాన్నా, మీ పేరుకు మారిస్తే ఆ రోజు నుంచి మళ్లీ నెలలు కౌంట్ చేస్తారు, డిసెంబరులోగా అవ్వదు. అమ్మ మెయిన్ అప్లికెంట్, మీరు డిపెండెంట్. సింపుల్."

ఫోన్ పెట్టేసి, "మా వంశంలో మగవాడెవడూ భార్య పేరు కింద ఎక్కడికీ వెళ్లలేదు" అన్నాను.

"అయితే మానెయ్యండి" అంది సుగుణ గిన్నెలు తీస్తూ. "నేను వెళ్తాను. ఆదివారాలు ఓడెక్కి వచ్చి పాపను చూసుకుంటాను. మీరు ఊళ్లో ఎలా ఉన్నారో ఫోన్ చేసి కనుక్కుంటాను."

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. మొదట అలవాటు ప్రకారం నిలబడ్డాను. మెల్లగా మోకాళ్ల మీదకు దిగాను. "తండ్రీ, నాకు నా పేరు తప్ప ఏమీ మిగల్లేదనుకున్నాను. నువ్వు నా ఇంట్లోనే ఇచ్చావు, నేనే చూడలేదు. ఆమె వెనక నడవడానికి నాకు మనసివ్వు" అని ఏడ్చాను. ఎన్నేళ్ల బరువో దిగిపోయింది. తీరా లేద్దామంటే మోకాళ్లు పట్టేశాయి. సుగుణా అని పిలిచాను. తను వచ్చి చూసి, ఏమీ అడగకుండా చేయి అందించి, "అలవాటు లేని పని కదా, పట్టేస్తాయి. లేవండి" అంది. నేను ఆమె చేయి అడిగి పట్టుకోవడం అదే మొదలు.

మర్నాడు ఏజెంటుకు వద్దని చెప్పాను. ఆ తర్వాత ఊరి పాస్టరుగారికి ఫోన్ చేసి, ఈ ఏడాది విందు పెట్టలేను, నా దగ్గర లేదు అని నోరు తెరిచి చెప్పాను. ఆయన "అయ్యగారూ, ఆ సంగతి ఊరికి ఎప్పటినుంచో తెలుసండి. తినకపోతే మీరు బాధపడతారని తినేవాళ్లం. ఈసారి ఇంటికో గిన్నె తెచ్చుకుంటాంలెండి, మీరొచ్చి మాతో కూర్చోండి" అన్నారు. సహోదరులారా, ఎవరి దగ్గర దాచాలని అన్నేళ్లు అంత ఖర్చు పెట్టానో వాళ్లే నన్ను ప్రేమించి నా పరువు కాపాడారు.

డిసెంబరు మొదట్లో వీసా వచ్చింది. కౌంటరు దగ్గర ముందు సుగుణ పేరు పిలిచారు, నేను గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఇంటికొచ్చాక జాయ్ నా వీసా కార్డు చదివి, "తాతయ్యా, నువ్వు కూడా డిపెండెంటా? నాదీ అదే. సేమ్ సేమ్ లా" అని ఇక్కడి పిల్లల యాసలో మాట చివర ఆ 'లా' తగిలించి గెంతింది.

"డిపెండెంట్ అంటే ఏం చెయ్యాలమ్మా?" అన్నాను.

"నథింగ్. చెప్పినట్టు వినాలి, అంతే."

"ఎవరు చెప్పినట్టు?"

"అమ్మమ్మ లా!"

ఈ ఉదయం కూడా మొదటి ఓడలోనే వచ్చాం. సముద్రం ప్రశాంతంగా ఉంది, సుగుణ కట్టిన ఇడ్లీలు ఓడలోనే తిన్నాం, నా మనసు కూడా అంత ప్రశాంతంగా ఉంది. ఇక్కడ కూర్చున్నవారిలో పాసు అయిపోతున్నవారు ఉండవచ్చు, ఇంట్లో చెప్పలేక ఒంటరిగా మోస్తున్నవారు ఉండవచ్చు. ఈ రోజు భోజనానికి ముందే చెప్పండి. దేవుడు మీ కోసం ఏం దాచి ఉంచాడో, ఎవరి చేతిలో ఉంచాడో అడిగితేగాని తెలియదు. ఆయనను నమ్మండి, ఆయన సిగ్గుపరచడు. సమస్త మహిమ దేవునికే.

పాస్టరుగారూ, ఇక ప్రార్థనకు పిలవండి. ఈసారి నేనూ మోకరిస్తాను. సుగుణా, కాస్త ఇటు వచ్చి నా పక్కన ఉండు, మళ్లీ లేపాలి.