అక్క పత్యం తప్పలేదు

మా అక్క తనను తాను నిందించుకుంటూనే చనిపోయింది. ఆ నింద నాది. ఇన్నేళ్లూ మోశాను, ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రాయచూరు బజారులో అక్కకు గాజుల దుకాణం ఉండేది. ముట్లు ఆగిన చాలా ఏళ్లకు ఆమెకు మళ్లీ రక్తం కనబడింది. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అన్నారు. సంచి తీసేశారు. పరీక్ష ఫలితం చెప్పే రోజున, మా ఇళ్లలో అందరూ చేసినట్టే, రోగిని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

ఆ పొరలో పుట్టేవన్నీ ఒకటి కావని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కువమందికి వచ్చేది హార్మోన్ల వల్ల మెల్లగా పెరుగుతుంది. తొందరగా పట్టుకుంటే చాలాసార్లు ఆపరేషన్‌తోనే సరిపోతుంది. అక్కది సీరస్ అనే అరుదైన రకం. పలచబడిన పొరలోనూ పుడుతుంది, చిన్నగా ఉండగానే బయటికి పాకగలదు. కీమో పెట్టించమంది.

బయటికి వచ్చాను.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్? పక్కింటి లక్ష్మక్కదే కదా నాది గూడ?"

లక్ష్మక్కది ఆ మెల్లగా పెరిగే రకం. ఆపరేషన్ తర్వాత ఆమెకు ఏ మందూ అవసరం పడలేదు.

"అదే అక్కా," అన్నాను. "కీమో గూడ పెట్టిస్తే మంచిదంట."

"లక్ష్మక్కకు లేంది నాకెందుకే? బోడిగుండుతోని గాజులమ్మితే గిరాకీలు ఉరుకుతరు."

నవ్వింది. నేనూ నవ్వాను. కీమో మాట అక్కడితో ఆగిపోయింది.

ఆమె భయపడుతుందని దాచానా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఆమె భయపడుతుంటే పక్కన కూర్చుని చూడవలసింది నేను, దాన్ని తప్పించుకున్నాను.

ఏడాది తిరగకముందే జబ్బు తిరగబెట్టి కడుపులో నీరు చేరింది. లక్ష్మక్క చూడవచ్చి, తాను వంకాయ ముట్టలేదని, పత్యమే తనను నిలబెట్టిందని చెప్పి వెళ్లింది. అక్క గోడవైపు తిరిగింది.

"మీ ఇంట్ల వంకాయ తిన్ననే. నోరు కట్టుకోలే. నా చేతుల నేనే చేసుకున్న."

ఆ కూర వడ్డించింది నేను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? దుప్పటి సర్ది, "పండుకో అక్కా," అన్నాను.

కీమోతో బతికేదో లేదో నాకు తెలియదు. కావాలో వద్దో తేల్చుకోవలసింది ఆమె. ఆ అవకాశం తీసేశాను. ఆ తర్వాత, ఒక్క మాటతో పోయే నిందను ఆమె మీదే ఉండనిచ్చాను. దీనికి క్షమాపణ ఎవరిని అడగాలి?

ఇప్పటికీ ఆమె మాట వస్తే మా వదినలు, "పత్యం చేయలే పాపం," అంటారు. నేను వింటూ కూర్చుంటాను.

అక్క పత్యం తప్పలేదు, వంకాయకూ ఆమె చావుకూ సంబంధం లేదు. ఆమెది వేరే రకం జబ్బు. నాకు మొదటినుంచీ తెలుసు.