ముప్పై పేర్లు

షారోన్ కోపం గురించి హైదరాబాదు ఛత్రినాకలో ఆమె ఉండే వీధి వాళ్లందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల వయసులో, క్రిస్మస్ నాటకంలో తనకిస్తానన్న దేవదూత వేషం టీచరమ్మ ఇంకో పిల్లకు ఇచ్చిందని, అప్పటికే కుట్టి ఉంచిన రెక్కలను కత్తెర తీసుకుని ముక్కలు చేసింది. తిట్టినా, కొట్టినా క్షమాపణ చెప్పలేదు. వయసు పెరిగితే తగ్గుతుందిలే అనుకున్నాడు తండ్రి డానియేలు. ముప్పై రెండేళ్లు వచ్చాయి. తగ్గలేదు.

డానియేలు టైలరు. పత్తర్‌గట్టి వెనక సందులో పెళ్లి బ్యాండు వాళ్లకు కోట్లు కుడతాడు. ఎర్రగుడ్డ, జరీ పట్టీలు, భుజాల మీద కుచ్చులు, ఇత్తడి బొత్తాలు. ఆ బొత్తాలు కుడుతూ, కాజాలు తీస్తూనే షారోన్ చదువుకుంది. తర్వాత బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో చేరి, కంప్యూటర్‌లో బొమ్మ మనుషులకు బట్టలు తొడగడం నేర్చి, మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంది. విదేశాల్లో తయారయ్యే వీడియో గేములకు బొమ్మలు గీసిచ్చే కంపెనీ అది.

అక్కడ మూడున్నరేళ్లు ఒకే ఆట మీద పనిచేసింది. ఆఫీసులో అందరూ దాన్ని జపాను ఆట అనేవారు. నూట యాభై ఏళ్ల కిందట, కత్తులు పట్టుకుని యుద్ధం చేసే దేశం కొద్ది ఏళ్లలోనే తుపాకులకూ ఫిరంగులకూ ఆవిరి ఓడలకూ మారిన కాలం కథ. ఆడేవాడు ఒక సంస్థానానికి ప్రభువు. ఊళ్లు చూసుకోవాలి, పన్నులు వసూలు చేయాలి, పాత సైన్యాన్ని కొత్త పద్ధతికి తిప్పాలి, పక్క సంస్థానం అంతకన్నా ముందే మారిపోతే చావాలి. ఒక్కో యుద్ధంలో వేలమంది సైనికులు కనిపిస్తారు. వాళ్ల ఒంటి మీద బట్టలన్నీ హైదరాబాదులో ముప్పై ఒక్కమంది చేసినవే. కోట్ల పని షారోన్‌ది.

విదేశీ స్టూడియో పంపిన నమూనాల్లో కోట్లు ఒంటికి అతికినట్టు ఉన్నాయి. షారోన్ ఆ కాలపు ఫోటోలు వెతికి చూసింది. వాటిలో సైనికుల కాలర్లు వంకర, చేతులు పొడుగు. కోటు మీదే నడుంగుడ్డ చుట్టి కత్తి దోపుకున్నారు. కాళ్లకు గడ్డి చెప్పులు. పక్క సీటు అక్షయ్ ఫోటోలే సరిగ్గా రాలేదేమో అన్నాడు. ఆమెకు నమ్మకం కలగలేదు. వాటిని అచ్చు తీయించి దుకాణానికి పట్టుకుపోయింది.

డానియేలు అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది కొలత తీసి కుట్టిన కోటు కాదు బిడ్డా. ఎవడో బొమ్మ చూసి కుట్టిండు. ముంగటి దిక్కు బొమ్మల కనబడ్డది, మంచిగనే వచ్చింది. ఎనక దిక్కు కనబడలే. గందుకే భుజం గుంజుతున్నది. నా మొదటి బ్యాండు కోటు గూడ గిట్లనే ఉండె."

షారోన్ ఆ మాటల్ని పట్టుకుని, కంపెనీ ద్వారా స్టూడియోకు నాలుగు పేజీల నోటు రాసింది. కొత్త యుద్ధానికి తయారవుతున్న దేశంలో దర్జీ కూడా అప్పుడే నేర్చుకుంటున్నాడని, ఆ తడబాటు భుజం దగ్గర కనిపించాలని రాసింది. రెండు కోట్లు చేసి చూపించింది. స్టూడియో ఒప్పుకుంది. కోట్లన్నీ మళ్లీ మొదటినుంచి చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆట విడుదలైంది. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే షారోన్ ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించింది. ఆట చివర వచ్చే పేర్ల పట్టిక తండ్రికి చూపించాలని ఆమె ఆశ. డానియేలుకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. కూతురి పేరు కోసం ముందుకు వంగి కూర్చున్నాడు. పేర్లు ఇరవై నిమిషాల పైన నడిచాయి. వకీళ్ల పేర్లున్నాయి, కాఫీ అందించిన వాళ్ల పేర్లున్నాయి, ఆట తయారవుతుండగా స్టూడియో వాళ్లకు పుట్టిన పిల్లల పేర్లున్నాయి. ఆఫీసు కుక్క పేరు కూడా ఉంది. హైదరాబాదు నుంచి ఒక్క పేరు లేదు.

డానియేలు వెనక్కి ఆనుకున్నాడు. "పోనీ తియ్. నేను నలభై ఏండ్ల సంది కుడుతున్న. కోటు రొమ్ము మీద బ్యాండు సేటు పేరే ఉంటది. నా పేరు ఎవ్వడడిగిండు?"

తండ్రి ఓదార్చడానికే అన్నాడు. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. "నువ్వు అడగలేదు కాబట్టే బాపూ," అని లేచిపోయింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు మేనేజరు ప్రభాకర్ దగ్గరికి వెళ్లింది. ఆయన మెత్తని మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. కాంట్రాక్టులో పేర్ల సంగతే లేదని, ఈ ఆటకు పనిచేశామని బయట చెప్పుకోవడానికి కూడా వీల్లేదని నెమ్మదిగా వివరించాడు. తన పేరు కూడా లేదుగా అన్నాడు.

"మరి మీకు కోపం ఎందుకు రాలేదు సర్?"

ప్రభాకర్ మీటింగుందని లేచాడు.

నెల తిరక్కుండానే స్టూడియో కళాదర్శకుడి వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో వచ్చింది. కోట్ల భుజాలు ఎందుకు వంకరగా ఉన్నాయో ఆయన నవ్వుతూ చెబుతున్నాడు. మొదటి దర్జీలు బొమ్మ చూసి కుట్టారు, వెనకవైపు వాళ్లకు కనబడలేదు, ఆ సంగతి మేం గమనించాం, అన్నాడు. డానియేలు మాట. సందులో మిషను ముందు కూర్చుని అన్న మాట. షారోన్ వీడియోను మూడుసార్లు చూసింది.

అప్పుడే ఆటకు కొత్త భాగం పని వచ్చింది. షారోన్ ఒక కాగితం రాసింది: మా పేర్లు వేస్తామని రాసిస్తే తప్ప కొత్త కోట్లు పంపం. పదకొండుమంది సంతకాలు పెట్టారు. హెచ్ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. రెండు రోజుల్లో తొమ్మిదిమంది సంతకాలు వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో అక్షయ్ ఒకడు. సంతోష్‌నగర్‌లో కొత్తగా ఇల్లు కొన్నాడు, భార్యకు ఏడో నెల. క్యాబులో పక్కనే కూర్చుని, ఏమనుకోకు అన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ, అనుకుంటున్న అంది.

ఆమెను ఆ పని నుంచి తప్పించి కార్ల ఆటలో చక్రాలు గీయమన్నారు. షారోన్ వారం రోజులు చక్రాలు గీసింది. ఎనిమిదో రోజు తన నోటును తేదీలతో సహా నేరుగా కళాదర్శకుడికే పంపింది. ఆ సాయంత్రమే రాజీనామా పెట్టింది.

ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. విచారిస్తున్నానన్నాడు. ఆటకు ఆ తర్వాత చేసిన మార్పుల్లో, పేర్ల పట్టిక అడుగున ఒక వరుస చేరింది. అదనపు దుస్తుల పని: హైదరాబాద్ టీమ్.

"హైదరాబాద్ టీమ్ అంటే ఎవరు? చార్మినారా?" అంది షారోన్. మళ్లీ రాసింది. ఈసారి ముప్పై ఒక్క పేర్లూ ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసి పంపింది. సంతకం వెనక్కి తీసుకున్నవాళ్లవీ, ప్రభాకర్‌దీ అందులో ఉన్నాయి. అక్షయ్ పేరు రాసేటప్పుడు పళ్లు కొరుక్కుంది, కానీ రాసింది. పనిచేసినవాడు పనిచేసినవాడే.

నాలుగు నెలల తర్వాత పేర్లు వచ్చాయి. అక్షయ్ ఫోన్ చేశాడు.

"పేర్లు పడ్డయ్ షారోన్. ముప్పై పడ్డయ్. నీది లేదు."

స్టూడియో వాళ్లు కంపెనీని పేర్ల పట్టిక అడిగారట. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేర్లే పంపాలన్నది కంపెనీ నియమమట. పంపిన పట్టిక కింద సంతకం ప్రభాకర్‌ది.

షారోన్ అరవలేదు. ఫోను పెట్టేసి దుకాణానికి నడిచింది. అంతా చెప్పింది. డానియేలు కుడుతున్న కోటు పక్కన పెట్టాడు. ఏళ్ల తరబడి ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఆ ప్రభాకర్ ఇల్లు ఎక్కడ, చెప్పు, అని చెప్పుల కోసం వెతికాడు. ఆమె చెప్పలేదు. చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

కళాదర్శకుడికి ఆమె మూడో ఉత్తరం రాసింది. ఈసారి జవాబు రాలేదు.

కిందటి నెల ఇంకో కంపెనీ పిలిచింది. జీతం పాతదానికన్నా తక్కువే. ఉద్యోగం ఉన్నా, మానేసినా, చేసిన పనికి నా పేరు ఉండాలని ఉద్యోగపు ఆర్డరులో రాసివ్వమంది షారోన్. ఎదుట కూర్చున్న అమ్మాయి ఇట్లా ఇంతవరకు ఎవరూ అడగలేదే అని నవ్వింది. షారోన్ నవ్వలేదు, లేవలేదు. గంటన్నర కూర్చుంది. లోపలికీ బయటికీ నాలుగుసార్లు తిరిగిన తర్వాత ఆ అమ్మాయి ఆ వాక్యం చేర్చిన కాగితం తెచ్చి ముందు పెట్టింది. షారోన్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, అప్పుడు పెన్ను అడిగింది.